30 ఎఫ్‌పీఎస్‌లో (సెకనుకు 30 ఫ్రేములు) జంప్ అందట్లేదు, 144లో అందుతోంది. డెల్టాతో గుణించినా ఎందుకిలా?

కొత్తచెయ్యి

ఇంజిన్ ఏదీ లేకుండా జావాస్క్రిప్ట్, క్యాన్వాస్ మీద చిన్న ప్లాట్‌ఫార్మర్ (గట్ల మీదికి ఎగురుతూ సాగే ఆట) రాస్తున్నాను. లుడమ్ డేర్ అనే ఆటల తయారీ పోటీకి (జామ్) దీన్నే బేస్ కోడ్‌గా వాడుకోవాలని ఆలోచన.

గ్రావిటీ 1200, జంప్ నొక్కగానే నిలువు వేగం -480, కొలత అంతా పిక్సెళ్లు, సెకన్లలో. రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్ (బ్రౌజర్ ప్రతి ఫ్రేమ్‌కీ ఇచ్చే పిలుపు) పిలిచిన ప్రతిసారీ ముందు వేగానికి గ్రావిటీ × డెల్టా (కిందటి ఫ్రేమ్ నుంచి గడిచిన సమయం) కలుపుతున్నాను, ఆ తర్వాత స్థానానికి వేగం × డెల్టా. అంటే డెల్టా మర్చిపోయిన కేసు కాదు, ప్రతిచోటా ఉంది.

మూడో గదిలో ఒక గట్టు నేల నుంచి 90 పిక్సెళ్ల ఎత్తులో ఉంది. 144 హెర్ట్జ్ మానిటర్ మీద హీరో హాయిగా ఎక్కేస్తాడు. 60లో అంచు తగిలీ తగలనట్టు ఎక్కుతాడు. 30 ఎఫ్‌పీఎస్ దాటని పాత లాప్‌టాప్‌లో ఎన్నిసార్లు ఎగిరినా అందదు. ఫార్ములా ప్రకారం 480 × 480 / 2400 = 96 పిక్సెళ్లు అన్నిచోట్లా రావాలి కదా?

ఇంకో రెండు గొడవలున్నాయి. వేరే ట్యాబ్‌కి వెళ్లి తిరిగొస్తే హీరో నేలలోంచి జారిపోయి మాయమవుతున్నాడు. కెమెరా 144లో హీరోకి అతుక్కున్నట్టు ఉంటుంది, 30లో తాడు కట్టి లాగుతున్నట్టు వెనకపడుతుంది. దానికి ఒక్క లైనే ఉంది: ప్రతి ఫ్రేమ్‌లో మిగిలిన దూరంలో 0.1 వంతు జరుపుతుంది.

లెక్కలపుస్తకం

ఫార్ములా తప్పు కాదు. అది నున్నటి వక్రానికి చెప్పింది, మీ కోడ్ మెట్లుమెట్లుగా నడుస్తోంది. ముందు వేగం మార్చి తర్వాత స్థానం మారుస్తున్నారు కాబట్టి, ప్రతి మెట్టులోనూ ఆ మెట్టు చివర ఉండాల్సిన తక్కువ వేగంతో మొత్తం మెట్టంతా నడిపిస్తున్నారు. అలా ప్రతిసారీ కాస్త కాస్త ఎత్తు పోతుంది. మొత్తం పోయేది వేగం × డెల్టా / 2.

60లో: 480 / 60 / 2 = 4. ఎత్తు 92.
144లో: 1.7 దాకా. ఎత్తు 94 పైచిలుకు.
30లో: 8. ఎత్తు 88.

గట్టు 90 దగ్గరుంది. మీరు చూసింది అక్షరాలా ఇదే. కావాలంటే 60 కేసు కాగితం మీద వేసి చూడండి: మెట్టుకి వేగం 20 చొప్పున తగ్గి 24 మెట్లలో సున్నా అవుతుంది, 460 నుంచి 0 దాకా ఉన్న ఆ 24 వేగాలూ కూడితే 5520, దాన్ని 60తో భాగిస్తే 92. రెండు లైన్ల వరస మార్చేసి, ముందు స్థానం, తర్వాత వేగం అని రాస్తే పోయే బదులు అంతే ఎత్తు ఎక్కువొస్తుంది, 60లో 100 అవుతుంది. అదీ మందు కాదు. ఫ్రేమ్ రేటుని బట్టి మారడం అలాగే ఉంటుంది, దిశ తిరగబడుతుందంతే.

సరైన మార్గం: ఆట లెక్క అంతా ఒకే సైజు అడుగుతో నడవాలి, బొమ్మ గీయడం మాత్రం మానిటర్ ఇష్టం.

అడుగు = 1 / 60
నిల్వ = 0

ప్రతి ఫ్రేమ్‌లో:
— గడిచింది = ఇప్పుడు - కిందటిసారి
— కిందటిసారి = ఇప్పుడు
— గడిచింది 0.1 దాటితే 0.1 చెయ్యి
— నిల్వ += గడిచింది
— నిల్వ >= అడుగు ఉన్నంతసేపు:
—— ఆటను_నడుపు(అడుగు)
—— నిల్వ -= అడుగు
— గియ్యి()

రిక్వెస్ట్ యానిమేషన్ ఫ్రేమ్ ఇచ్చే సమయం మిల్లీసెకన్లలో వస్తుంది. 1000తో భాగించడం మర్చిపోతే ప్రతి ఫ్రేమూ 0.1 హద్దుకే తగిలి, ఆరు అడుగుల చొప్పున ఆట పరిగెడుతుంది.

ఆ 0.1 హద్దే మీ ట్యాబ్ సమస్యకీ మందు. ట్యాబ్ వెనక్కి పోగానే బ్రౌజర్ ఆ పిలుపులు ఆపేస్తుంది. 8 సెకన్ల తర్వాత తిరిగొస్తే మొదటి డెల్టా 8. మీ పాత కోడ్‌లో వేగం 9600 అవుతుంది, స్థానం ఒక్క దెబ్బకి 76,800 పిక్సెళ్లు కిందికి. నేల ఎక్కడో పైన మిగిలిపోతుంది. హద్దు లేకుండా ఈ లూప్ పెట్టినా ప్రమాదమే. తిరిగి రాగానే 480 అడుగులు ఒకేసారి నడపాల్సొస్తుంది, పైగా నెమ్మదైన మెషిన్‌లో ఒక అడుగు నడపడానికే 16.7 మిల్లీసెకన్ల కంటే ఎక్కువ పడితే బాకీ తీరే కొద్దీ పెరుగుతూ పోయి పేజీ బిగుసుకుపోతుంది. హద్దు ఉంటే ఆట కాస్త నిదానిస్తుంది, చచ్చిపోదు.

ఇక ఎత్తు. అడుగు 60కి కట్టేశాక అందరికీ 92 వస్తుంది. కానీ 90 గట్టుకి 92 జంప్ పెట్టడం ఆడేవాళ్లని ఏడిపించడమే. జంప్ వేగం 500 చెయ్యండి, సరిగ్గా 100 వస్తుంది.

శనివారంబిల్డ్

పైన చెప్పింది కరెక్టే, కానీ 48 గంటల జామ్ కోసం లూప్ మొత్తం తిరగరాయనక్కర్లేదు. ఒక్క లైన్ మారిస్తే చాలు:

స్థానం += వేగం × డెల్టా + 0.5 × గ్రావిటీ × డెల్టా × డెల్టా
వేగం += గ్రావిటీ × డెల్టా

గ్రావిటీ స్థిరంగా ఉన్నంతకాలం ఇది వక్రం మీదే నడుస్తుంది. 30లోనూ 60లోనూ కచ్చితంగా 96, 144లో శిఖరం రెండు ఫ్రేముల మధ్య పడినా తేడా కంటికి ఆనదు. డెల్టాకి 0.05 హద్దు పెట్టేస్తే ట్యాబ్ గొడవా పోతుంది. కెమెరాకి 0.1 బదులు 1 - ఎక్స్‌ప్(-6.3 × డెల్టా) పెట్టండి. 6.3 ఎక్కడిదంటే, 60లో ఫ్రేమ్‌కి 0.1 చొప్పున జరిగితే మిగిలేది 0.9, దాని సహజ లాగరిథమ్‌ని 60తో గుణిస్తే -6.32. మీ పాత కోడ్‌లో మిగిలిన దూరం సగం కావడానికి 30లో 0.22 సెకను, 144లో 0.046 సెకను పడుతోంది. తాడు కట్టినట్టు అనిపించింది అందుకే.

లెక్కలపుస్తకం

ఆ లైన్ గాల్లో ఉన్నంతసేపే పనిచేస్తుంది గురూ. బటన్ వదిలితే జంప్ కోసెయ్యడం, గోడ జారుడు, కదిలే ప్లాట్‌ఫామ్, స్ప్రింగు, వీటిలో ఏది చేర్చినా తేడా మళ్లీ మొదలు. ముఖ్యంగా ఢీకొనడం. ఈ ఆటలో గట్లు ఎంత మందమో రాయలేదు గానీ, 8 పిక్సెళ్ల పలక, 28 పిక్సెళ్ల హీరో అనుకుందాం. రెండు సెకన్లు పడితే వేగం 2400. 60లో అడుగుకి 40 పిక్సెళ్లు. 28 + 8 = 36 కన్నా 40 ఎక్కువ, అంటే ఒక అడుగులో పలకకి పైన, మరుసటి అడుగులో పూర్తిగా కింద. తగిలిన క్షణమే లేదు. అదే మనిషి 144లో అడుగుకి 17 చొప్పున వచ్చి ఆగుతాడు. ఇలాంటి బగ్ రిపోర్ట్ వస్తే రాసినవాడి మెషిన్‌లో ఎన్నటికీ దొరకదు.

పడే వేగానికి 600 హద్దు పెట్టండి, అడుగుకి 10 పిక్సెళ్లు. పై నుంచి మాత్రమే నిలబడే పలకలకైతే అతివ్యాప్తి చూడొద్దు. పాత పాదం పలక పైఅంచుకి పైన ఉందా, కొత్త పాదం కింద ఉందా అని అడగండి. రెండూ అవునైతే అంచు మీద నిలబెట్టండి. ఎంత వేగంగా వచ్చినా తప్పించుకోడు.

శనివారంబిల్డ్

ఢీకొనడం సంగతి ఒప్పుకుంటా. పజిల్ ఆటలకి నా లైన్ చాలు, ప్లాట్‌ఫార్మర్‌కి స్థిర అడుగే మేలు.

కొత్తచెయ్యి

లూప్ మార్చాను. మూడో గదిలో జంప్ మూడు మెషిన్లలోనూ 100, ట్యాబ్ గొడవ లేదు. కానీ రెండు కొత్తవి పుట్టాయి. 144 మానిటర్ మీద పరుగు ముందున్నంత నున్నగా లేదు, సన్నగా వణుకుతోంది. అదే మానిటర్ మీద జంప్ నొక్కితే సగంసార్లు పట్టించుకోవట్లేదు. 60లో రెండూ లేవు.

లెక్కలపుస్తకం

వణుకు ఊహించిందే, అందుకే ఆ లూప్ సగమే అని రాసుండాల్సింది. 144ని 60తో భాగిస్తే 2.4. అంటే ఒక అడుగు బొమ్మ రెండు ఫ్రేములు, ఇంకో అడుగుది మూడు, ఇలా 2, 2, 3, 2, 3 అని తెరమీద ఉంటుంది. కన్ను ఆ హెచ్చుతగ్గుని పట్టేస్తుంది.

ప్రతి అడుగు ముందు హీరో స్థానాన్ని పాత_స్థానంలో దాచండి. గీసేటప్పుడు:

ఆల్ఫా = నిల్వ / అడుగు
చూపే_స్థానం = పాత_స్థానం + (స్థానం - పాత_స్థానం) × ఆల్ఫా

చూపే_స్థానం గీయడానికి మాత్రమే. ఢీకొనే లెక్కలోకి దాన్ని రానిస్తే మళ్లీ మొదటికొస్తారు. దీనికి చెల్లించే ధర, తెర ఆట కన్నా గరిష్ఠంగా ఒక అడుగు వెనక ఉంటుంది, 16.7 మిల్లీసెకన్లు. ప్లాట్‌ఫార్మర్‌లో ఇది భరించొచ్చు. రిథమ్ ఆటైతే అడుగుని 1/120 చేసుకోవడం నయం.

కెమెరా కూడా చూపే_స్థానాన్నే వెంబడించాలి. నేరుగా స్థానాన్ని వెంబడిస్తే హీరో నున్నగా కదులుతూ లోకం వణుకుతుంది, అది ఇంకా ఘోరం. పిక్సెల్ ఆర్ట్ అయితే ఇంకో మెలిక: హీరోని విడిగా, కెమెరాని విడిగా పూర్ణాంకానికి సవరించి ఆ తర్వాత తీసివేస్తే, హీరో తెరమీద ఒక పిక్సెల్ అటూ ఇటూ ఊగుతాడు. ముందు తీసివేసి, వచ్చిన ఫలితాన్ని ఒక్కసారే సవరించండి.

కీబోర్డ్‌గోల

జంప్ మింగేస్తున్నది మీ "ఇప్పుడే నొక్కాడు" జెండా. దాన్ని ఫ్రేమ్ చివర చెరిపేస్తున్నారని పందెం. 144లో 12 ఫ్రేములకి 5 అడుగులే పడతాయి. మిగతా 7 ఫ్రేముల్లో ఆట లెక్క అసలు నడవదు. జెండా ఆ ఏడింట్లో ఎక్కడ లేచినా, చూసే దిక్కు లేకుండానే చెరిగిపోతుంది. సగంసార్లు అన్నారు, లెక్క ప్రకారం సగం కన్నా కాస్త ఎక్కువే.

జెండా బదులు అంకె వాడండి. కీ పడగానే జంప్_కోరిక = 6. ప్రతి అడుగులో ఒకటి తగ్గించండి. సున్నా కన్నా ఎక్కువుండి, కాలు నేల మీదుంటే ఎగిరించి సున్నా చెయ్యండి. ఆరు అడుగులంటే 0.1 సెకను. దీంతో బోనస్‌గా నేల తాకడానికి కాస్త ముందు నొక్కిన జంప్ కూడా చెల్లుతుంది. ఇలాగే అంచు దాటాక ఐదు అడుగుల దాకా "నేల మీదున్నట్టే" అని ఇంకో అంకె పెట్టండి. ఈ రెండూ ఉంటే ఆట చేతికి వచ్చినట్టు ఉంటుంది, లేకపోతే ఆడేవాళ్లు "కంట్రోల్స్ బాలేవు" అని రాసిపోతారు, కారణం వాళ్లకీ తెలీదు.

కీబోర్డ్ దగ్గర తరచూ తగిలేవి:

కీ నొక్కి పట్టుకుంటే బ్రౌజర్ అదే ఈవెంట్ మళ్లీ మళ్లీ పంపుతుంది. ఈవెంట్‌లో రిపీట్ నిజమైతే వదిలెయ్యండి, లేకపోతే హీరో కుందేలవుతాడు.

కీ అక్షరం కాకుండా కీ ఉన్న చోటు చూడండి, అంటే ఈవెంట్‌లో "కోడ్" అనే ఫీల్డు. వేరే లేఅవుట్ కీబోర్డులో డబ్ల్యూ, ఏ, ఎస్, డీ నాలుగూ నాలుగు మూలల ఉంటాయి.

విండో ఫోకస్ పోగానే నొక్కి ఉన్న కీలన్నీ వదిలినట్టు చెయ్యండి. ఆల్ట్ ట్యాబ్ కొట్టినప్పుడు కీ పైకి లేచిన కబురు మీ పేజీకి రాదు, తిరిగొచ్చేసరికి హీరో కుడివైపు పరిగెడుతూనే ఉంటాడు.

స్పేస్, బాణం కీలకి డిఫాల్ట్ చర్య ఆపండి, పేజీ కిందికి జారకుండా.

నోడ్‌చెట్టు

ఇదే థ్రెడ్ ఇంజిన్ వాడేవాళ్లూ చదువుతారు కాబట్టి: గొడాట్‌లో ఈ లూప్ ముందే ఉంది, ఫిజిక్స్ ప్రాసెస్ సెకనుకు 60 సార్లు నడుస్తుంది. 144లో వణుకుంటే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ఫిజిక్స్ ఇంటర్‌పొలేషన్ (పైన చెప్పిన చూపే_స్థానం పనే) ఆన్ చెయ్యండి, 2డీకి ఇది 4.3 నుంచి ఉంది. గొడాట్ 4లో మూవ్ అండ్ స్లైడ్ డెల్టాని తనే గుణించుకుంటుంది. వెలాసిటీకి పెట్టే పరుగు వేగం 300ని మీరూ గుణిస్తే హీరో సెకనుకు 5 పిక్సెళ్లు పాకుతాడు. గ్రావిటీ కలిపే లైన్‌లో మాత్రం డెల్టా ఉండాల్సిందే. కొత్తవాళ్లు రెండిట్నీ కలిపి గందరగోళం చేసుకునేది ఇక్కడే.

యూనిటీలో ఫిక్స్‌డ్ అప్‌డేట్ డిఫాల్ట్ 0.02 సెకను, అంటే 50, 60 కాదు. రిజిడ్‌బాడీలో ఇంటర్‌పొలేట్ ఎంచుకోండి. కీ నొక్కింది అప్‌డేట్‌లో చదవాలి, ఫిక్స్‌డ్ అప్‌డేట్‌లో చదివితే పైన చెప్పిన మింగుడే.

కొత్తచెయ్యి

వణుకు పోయింది, జంప్ ఒక్కటీ తప్పట్లేదు. జెండా నిజంగానే ఫ్రేమ్ చివర చెరిగిపోతోంది.

ఇక అప్‌లోడ్. ఆటలు పెట్టే సైట్ ఇచ్.ఐఓలో పరీక్షకి పెట్టాను. నా మెషిన్‌లో వచ్చే రెండు బొమ్మలు అక్కడ రావట్లేదు, సౌండ్ మొదట్లో ఉండట్లేదు. అలాగే జామ్‌లో పనికొచ్చే ఫీడ్‌బ్యాక్ ఎలా రాబట్టాలి? "బాగుంది" అని రాసి వెళ్లిపోతే ఏం సరిచేసుకోవాలో తెలీదు.

శనివారంబిల్డ్

బొమ్మలు: ఫైల్ పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం చూడండి. విండోస్‌కి రెండూ ఒకటే, అక్కడ కాదు. అన్ని పేర్లూ చిన్నక్షరాల్లోకి మార్చేస్తే పీడ విరగడవుతుంది. పాత్ మొదట్లో స్లాష్ ఉన్నా ఇదే జరుగుతుంది, ఎందుకంటే మీ ఆట సైట్ మూలంలో కాదు, ఒక సబ్‌ఫోల్డర్‌లో ఉంటుంది. ఇండెక్స్ ఫైల్ జిప్ తెరవగానే పైనే కనపడాలి. జిప్‌లో 1000 ఫైళ్లకి మించొద్దు. కవర్ బొమ్మ 630 × 500.

సౌండ్: ఆడేవాళ్లు క్లిక్ చెయ్యకుండా బ్రౌజర్ ఆడియో మొదలుపెట్టనివ్వదు. "ఆట మొదలు" బటన్ ఒకటి పెట్టి, దాని క్లిక్‌లోనే ఆడియో కాంటెక్స్ట్‌ని రెజ్యూమ్ చెయ్యండి. ఆ క్లిక్ వల్లే పేజీలో ఆటకి ఫోకస్ వచ్చి కీబోర్డూ పనిచేస్తుంది, కాబట్టి బటన్ తీసెయ్యొద్దు. స్కోరు లోకల్ స్టోరేజ్‌లో దాస్తుంటే ట్రై, క్యాచ్ మధ్య పెట్టండి. మూడో పార్టీ కుకీలు ఆపుకున్నవాళ్ల బ్రౌజర్‌లో దాన్ని ముట్టుకోగానే ఎర్రర్ వచ్చి ఆట నల్ల తెరగా మిగిలిపోవచ్చు.

జామ్ సంగతి. లుడమ్ డేర్‌లో కాంపో అంటే 48 గంటలు, ఒక్కరే, బొమ్మలూ శబ్దాలూ అప్పుడే చెయ్యాలి, సోర్స్ ఇవ్వాలి. బేస్ కోడ్ మాత్రం ముందుదైనా ఒప్పుకుంటారు, అది మీదని చెప్పెయ్యండి. టీమ్ ఉన్నా, ముందే చేసిన బొమ్మలు వాడినా 72 గంటల జామ్ విభాగం. ర్యాంకు రావాలంటే కనీసం 20 రేటింగులు పడాలి. అవి ఊరికే రావు. మీరు ఇతరుల ఆటలు ఆడి, నాలుగు లైన్లు రాస్తే వాళ్లలో కొందరు తిరిగొచ్చి మీది ఆడతారు. "రెండో గదిలో ముళ్లు నేల రంగులోనే ఉన్నాయి, మూడుసార్లు చచ్చాక తెలిసింది" లాంటి వ్యాఖ్యకి ఎవరైనా బదులిస్తారు. "నైస్ గేమ్, నాదీ ఆడండి" అన్నదానికి ఎవరూ రారు.

ఫీడ్‌బ్యాక్ కోసం "ఎలా ఉంది" అని అడక్కండి. పేజీలో రెండే ప్రశ్నలు పెట్టండి: ఏ గదిలో ఆపేశారు, ఆపేముందు ఏం చెయ్యడానికి ప్రయత్నించారు. ఇంకా మంచిది, గదివారీగా చావుల లెక్క ఆటలోనే ఉంచి, పాజ్ నొక్కితే ఒక లైన్‌గా చూపించండి: 0-2-19-1. దాన్ని కామెంట్‌లో అతికించమనండి. పదిమంది అతికిస్తే మూడో గది సంగతి ఎవరూ చెప్పకుండానే మీకు తెలుస్తుంది. ఆ లైన్ పక్కనే సగటు ఎఫ్‌పీఎస్ కూడా పెడితే "స్లోగా ఉంది" అన్న ఫిర్యాదుకీ జవాబు దొరుకుతుంది.

కీబోర్డ్‌గోల

అప్‌లోడ్ ముందు 30లో ఓసారి ఆడి చూడటానికి పాత లాప్‌టాప్ అక్కర్లేదు. ఎఫ్ 2 నొక్కితే ఒక ఫ్రేమ్ వదిలి ఒక ఫ్రేమ్ మాత్రమే లూప్ నడిచేలా చెయ్యండి. 60 మానిటర్ మీద 30 అవుతుంది. వదిలిన ఫ్రేమ్‌లో కిందటిసారి విలువ మార్చకూడదు, అదొక్కటీ గుర్తుంచుకోండి, లేకపోతే ఆట సగం వేగంతో నడుస్తుంది.

కొత్తచెయ్యి

బొమ్మలు వచ్చాయి, పెద్దక్షరమే. ఎఫ్ 2తో 30లో చివరి దాకా ఆడగలుగుతున్నా. ఒకటే మిగిలింది: గది తలుపులోకి వెళ్లి అవతలి తలుపు దగ్గర తేలేటప్పుడు, 144లో హీరో ఒక్క క్షణం తెర మధ్యలో అడ్డంగా దూసుకుపోతున్నట్టు కనపడుతున్నాడు.

లెక్కలపుస్తకం

పాత_స్థానం ఇంకా పాత తలుపు దగ్గరే ఉంది, కాబట్టి రెండు తలుపుల మధ్య రెండు మూడు ఫ్రేములు గీస్తోంది. హీరోని ఎత్తి వేరేచోట పెట్టిన ప్రతిసారీ పాత_స్థానం = స్థానం చెయ్యండి, కెమెరానీ అక్కడికే తెచ్చి పెట్టండి. చచ్చి మళ్లీ పుట్టే చోట కూడా. గొడాట్ వాళ్లకైతే దీనికే రీసెట్ ఫిజిక్స్ ఇంటర్‌పొలేషన్ అని ఉంది, నోడ్‌ని కొత్త చోట పెట్టాక పిలవాలి, ముందు కాదు.

కొత్తచెయ్యి

తలుపు సరైంది. పుట్టే చోట కూడా అదే లైన్ లేదు, పెట్టేశాను.